ఎవర్ని ఉంచాలి, ఎవర్ని వదలాలి: 2025 ఫాంటసీ బేస్‌బాల్ చిట్టా

మేముండేది డాలస్ పక్కన. మా ఆఫీసు ఫాంటసీ లీగ్‌లో 12 టీములు, నాకిది మూడో సీజన్. నిజం బేస్‌బాల్ ఆటగాళ్లతో కాగితం మీద టీము కట్టుకోవాలి, వాళ్లు ఆటల్లో తెచ్చే అంకెలతో వారానికొకరి మీద విభాగాలవారీగా పోటీ. ఇంటికి ఫోన్ చేసినప్పుడు డ్రీమ్11 లాంటిదే అని చెప్తాను గానీ, అక్కడ మ్యాచ్‌కో టీము కట్టుకునేవాళ్లు. ఇక్కడ మార్చిలో డ్రాఫ్ట్‌లో (వంతులవారీ ఎంపికలో) తెచ్చుకున్నవాళ్లతో సెప్టెంబరు దాకా కాపురం చెయ్యాలి. కొత్తవాడు కావాలంటే ఉన్నవాళ్లలో ఒకణ్ణి వదలాలి. వదిలినవాణ్ణి రెండ్రోజుల్లో ఇంకెవరో ఎత్తుకుపోతారు. కిందటేడు కోపమొచ్చినప్పుడల్లా ఒకణ్ణి వదిలేసి తొమ్మిదో స్థానంలో తేలాను. అందుకని ఈసారి వదిలినా, ఉంచినా కారణం ఒక షీట్‌లో రాసిపెట్టుకున్నాను. ఇదంతా అందులోంచే.

ఏప్రిల్ మొదటి వారం, రఫాయెల్ డెవర్స్. నా మూడో రౌండ్ ఆటగాడు. బోస్టన్‌కి అలెక్స్ బ్రెగ్మన్ వచ్చేసరికి ఇతనికి థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చోటు పోయింది, బ్యాటింగ్ ఒక్కటే మిగిలింది. మొదటి 5 ఆటల్లో 19 సార్లు బ్యాటింగ్ చేసి ఒక్క హిట్ (బంతి కొట్టి బేస్ చేరడం) లేదు, 15 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో అవుటవడం). లీగ్‌లో ఉన్న గుంటూరు కుర్రాడు వెంటనే మెసేజ్ పెట్టాడు: “అన్నా, డెవర్స్‌ని వదిలేస్తున్నావా? ముందు నాకో మాట చెప్పు.” వాడి ఆత్రం చూశాక ఇంక ఆలోచించలేదు, ఉంచేశాను. స్ట్రైకౌట్ శాతాన్ని కాస్త నమ్మాలంటే కనీసం 60 సార్లు బ్యాటింగ్‌కి రావాలని లెక్కలు కట్టేవాళ్లు చెప్తారు. 19 ఏ మూలకి? జూన్ మధ్యలో శాన్ ఫ్రాన్సిస్కోకి మారినా, సీజన్ ముగిసేసరికి 35 హోమ్ రన్లు, 109 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల టీముకి వచ్చిన రన్లు).

ఏప్రిల్ చివర, జాక్ పీడర్సన్. మా దగ్గరి టీము రేంజర్స్ మనిషే కాబట్టి ఇంట్లో టీవీలో రోజూ కనిపించేవాడు. వరసగా 41 సార్లు హిట్ లేకుండా వెనక్కి వచ్చాడు. (పిచర్లు కానివాళ్లలో రికార్డు 54. 2018-19లో బాల్టిమోర్ క్రిస్ డేవిస్‌ది.) మా ఆవిడకి బేస్‌బాల్ పట్టదు, అయినా కూర తరుగుతూ తలెత్తి “ఈయన మళ్లీ అవుటేనా?” అనేది. నేను మాత్రం ఆ 41ని చూసి వదల్లేదు. ఇతనిది ఎడమచేతి బ్యాటింగ్, ఎడమచేతి పిచర్ వచ్చిన రోజు ఎలాగూ కూర్చోబెడతారు. అంటే బాగా ఆడే రోజుల్లో కూడా వారానికి నాలుగైదు ఆటలే. బాగుపడితే మనకి ఎంతొస్తుందన్న లెక్క వేస్తే అంతంతమాత్రం. అందుకే వదిలాను. మే చివర్లో బంతి తగిలి చెయ్యి విరిగింది పాపం.

అదే వారం పెద్ద తప్పొకటి చేశాను. డెవిన్ విలియమ్స్, అప్పటి యాంకీస్ క్లోజర్, అంటే ఆట చివర్లో వచ్చి ఆధిక్యం కాపాడే పిచర్. ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడే రన్లు) 11 దాటింది. టొరంటో మీద ఒక్క అవుట్ కూడా తియ్యకుండా ఆట చేజార్చాక మేనేజర్ అతన్ని క్లోజర్‌గా తప్పించి లూక్ వీవర్‌కి ఆ పని ఇచ్చాడు. క్లోజర్ దగ్గర మనం కొనేది సేవ్‌లు (అలా కాపాడిన ఆటలు), ఆ పనే పోయాక వదలడం న్యాయమే. తప్పు చేసింది వదిలిన పద్ధతిలో. మా లీగ్‌లో సీజన్ మొత్తానికి 100 డాలర్లు ఇస్తారు, కావలసినవాడికి గుట్టుగా పాట పెట్టాలి, ఆదివారం రాత్రి తేలుతుంది. పాట పెట్టేటప్పుడే “వీవర్ వస్తేనే విలియమ్స్‌ని తియ్యి” అని జోడించొచ్చు. నేను చిరాకులో ముందే విలియమ్స్‌ని తీసేసి, ఆ తర్వాత వీవర్‌కి 14 డాలర్లు పెట్టాను. ఎవరో 22 పెట్టారు. ఉన్నదీ పోయె, వచ్చేదీ రాకపోయె. జూన్‌లో వీవర్‌కి తొడ కండరం పట్టేసింది, సేవ్‌లు మళ్లీ విలియమ్స్‌కే వచ్చాయి. సీజన్ మొత్తం మీద 62 ఇన్నింగ్స్‌లో 90 స్ట్రైకౌట్లు. చెయ్యి బాగానే ఉందని ఏప్రిల్‌లోనే కనపడుతుండేది, నేను ఈఆర్ఏ తప్ప ఇంకోటి చూడలేదు.

మే అంతా శాండీ అల్కాంటరా గొడవే. 2022లో సై యంగ్ (ఉత్తమ పిచర్) అవార్డు తెచ్చుకున్నవాడు, మోచేతి సర్జరీ వల్ల 2024 మొత్తం ఆడలేదు. ఆటల లెక్కలిచ్చే బేస్‌బాల్ సావంట్ సైటులో చూస్తే ఫాస్ట్‌బాల్ వేగం 97 మైళ్ల దగ్గర, ఎప్పట్లాగే. అది చూసి మోసపోయాను. సర్జరీ నుంచి వచ్చినవాళ్లకి వేగం ముందొస్తుంది, అనుకున్నచోట బంతి పడటం తర్వాతెప్పుడో వస్తుంది. నేను చూడాల్సింది వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పి బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇవ్వడం). అవి పెరుగుతున్నాయి, స్ట్రైకౌట్లు తగ్గుతున్నాయి. ఒక వారం లెక్క షీట్‌లో ఇంకా ఉంది: నా మిగతా పిచర్లందరూ కలిసి 50 ఇన్నింగ్స్‌లో 20 రన్లిచ్చారు, ఈఆర్ఏ 3.60. శాండీ ఒక్కడు 4 ఇన్నింగ్స్‌లో 6 ఇచ్చేసరికి మొత్తం 4.33కి ఎక్కింది. ఆ వారం ఈఆర్ఏ, విప్ (ఇన్నింగ్స్‌కి ఇచ్చే హిట్లు, వాక్‌ల సగటు) రెండూ పోగొట్టుకున్నాను.

బెంచ్ మీద పెట్టొచ్చుగా అంటారు. పెట్టాను, మూడు వారాలు. కానీ మా లీగ్‌లో బెంచ్ మీద ఐదు చోట్లే. అందులో ఒకటి అతనికి, ఇంకోటి నాలో ఆశ చావని మరో కుర్ర పిచర్‌కి. సోమ, గురువారాల్లో చాలా జట్లకి సెలవుంటుంది, ఆ రోజుల్లో దింపడానికి బ్యాటర్ ఉండేవాడు కాదు. ఈ నష్టం స్కోరులో కనపడదు కాబట్టి నాకు తెలిసిరావడానికి నెల పట్టింది. జూన్ మొదట్లో వదిలేశాను. వారం దాకా ఎవరూ ముట్టుకోలేదు.

ఆంథొనీ శాంటాండర్ సంగతి రెండు ముక్కల్లో. 2024లో 44 హోమ్ రన్లు, 2025లో టొరంటోలో మే నెలాఖరుకి 6. నెమ్మదిగా మొదలుపెట్టే రకం అని ఓపిక పట్టాను. తీరా చూస్తే భుజం. మంచి బ్యాటర్ బంతిని గట్టిగా కొట్టడమే మానేస్తే ముందు ఒంట్లో ఏముందో చూడమని షీట్‌లో ఎర్ర అక్షరాల్లో రాసుకున్నాను. బంతి గట్టిగానే తగులుతూ ఫీల్డర్ల చేతుల్లోకి వెళ్తుంటే అది వేరే కథ. మైదానంలోకి కొట్టిన బంతుల్లో మామూలుగా పదికి మూడు హిట్లవుతాయి, రెండే అవుతున్నవాడి కోసం ఇంకో నెల ఆగొచ్చు.

చివరికి నాలుగో స్థానంతో ప్లేఆఫ్స్‌లో పడ్డాను. మొదటి రౌండ్‌లోనే గుంటూరు కుర్రాడితో తగులుకుంది. ఆగస్టులో వాడు చడీచప్పుడు లేకుండా శాండీని ఎత్తుకున్నాడు, నేను గమనించనే లేదు. శాండీ అప్పటికి మళ్లీ పాత శాండీ అయిపోయాడు. పది విభాగాల్లో 6-4తో ఓడిపోయాను, ఈఆర్ఏ వాడిదే. “థాంక్సన్నా” అని మెసేజ్ పెట్టాడు. ఇంకా రిప్లై ఇవ్వలేదు.