బండి ఱ

మా తాతయ్య ఉత్తరాల్లో ‘చెఱువు’, ‘గుఱ్ఱం’ అనే రాసేవారు. చిన్నప్పుడు ఒకసారి ఇది ఎందుకని అడిగితే పలక మీద రెండు మాటలు రాశారు: వేరు, వేఱు. “మొదటిది చెట్టుది తల్లీ. రెండోది విడిపోవడం” అన్నారు. ఒకప్పుడు ఈ రెండూ పలకడంలోనూ వేరే. ఱ అంటే నాలుక గట్టిగా అదరాలి. తర్వాత తెలుగు నోట రెండూ కలిసిపోయాయి, రాతలో ర ఒక్కటే మిగిలింది. బండిలా ఉంటుందని ఱకి బండి ర అని పేరు, పండితులైతే శకటరేఫం అంటారు.

చెన్నై వచ్చాక బస్సు మీద ‘అడయాఱు’ అని తమిళంలో చదివి ఆగిపోయాను. చివర ఉన్నది మన బండి ఱ చుట్టమే! వాళ్ల ‘ఆఱు’ మన ‘ఏఱు’. చెట్టు వేరుకీ, వేరే అనడానికీ కూడా వాళ్లు ఇప్పటికీ రెండు అక్షరాలు రాస్తారు. మలయాళంలో అయితే తేడా చెవికి కూడా వినిపిస్తుంది: ‘కర’ అంటే ఒడ్డు, ‘కఱ’ అంటే మరక. మా ఆఫీసులో మలయాళీ అమ్మాయి చేత ఆ రెండూ పదిసార్లు పలికించుకున్నాను.

ఇప్పుడు మా పాపకి అక్షరాలు దిద్దిస్తున్నాను. పుస్తకంలో లేకపోయినా, ఱ కూడా దిద్దిస్తున్నాను.