సిస్ట్ పక్కనున్న మంచి పళ్ళకు రూట్ కెనాల్ ఎందుకు?

పై దవడ ఎక్స్‌రేలో గుండ్రంగా ఒక నల్లటి మచ్చ, అంటే ఎముకలో ఏర్పడ్డ తిత్తి (సిస్ట్), అందులోకి దిగినట్టు నాలుగు ముందు పళ్ళ వేర్లు. ఇలాంటి కేసు నా దగ్గరికి వచ్చేటప్పుడు సర్జన్ చీటీలో తరచూ ఉండే మాట: "సిస్ట్ ఆపరేషన్‌కి ముందు నాలుగింటికీ రూట్ కెనాల్ చేసి పంపండి." కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం, "మిగతా మూడూ బాగానే ఉన్నాయి కదా డాక్టర్ గారూ, వాటినెందుకు కెలకడం?" అంటారు. రూట్ కెనాళ్ళు చేసుకుని బతికేదాన్నే అయినా, ఈ విషయంలో నేను ఎక్కువసార్లు పేషెంటు పక్షమే.

మామూలు ఎక్స్‌రేలో లోతు తెలియదు. వేరు సిస్ట్‌కి ముందున్నా వెనకున్నా లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది. వేరు కొన చుట్టూ ఇంకా ఎముక ఉందా, సిస్ట్‌లోకి తేలిందా అన్నది దవడను త్రీడీలో చూపించే సీబీసీటీ స్కాన్‌లోనే సరిగ్గా తెలుస్తుంది.

నొప్పి లేదు కాబట్టి పన్ను బతికే ఉందనుకోవడానికీ లేదు. ఎప్పుడో దెబ్బ తగిలి లోపల నరం చచ్చిన పన్ను ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా ఉంటుంది. అందుకే ముందు కోల్డ్ టెస్ట్. చిన్న దూది ఉండ మీద స్ప్రే కొడితే తెల్లగా మంచు పడుతుంది. పన్ను తడి తుడిచి దాన్ని ఆనిస్తాను. "జిల్లుమనగానే చెయ్యెత్తండి, తగ్గగానే దించండి." మొదట అనుమానం లేని పన్ను మీద చేస్తే వాళ్ళకూ అలవాటవుతుంది, పోల్చుకోవడానికి నాకూ ఉంటుంది. చెయ్యి లేచి కాసేపట్లో దిగితే నిశ్చింత. అస్సలు లేవకపోతే పంటికి సన్నగా కరెంటు తగిలించి చూసే ఎలక్ట్రిక్ పల్ప్ టెస్టర్ కూడా పెట్టి చూస్తాను. అయితే ఈ రెండూ పరీక్షించేది నరాన్నే, రక్తప్రసరణను కాదు. సిస్ట్ ఒత్తిడికి నరం మొద్దుబారినా జవాబు రాకపోవచ్చు. ఒక్క టెస్టుకి పలకలేదని పన్నుకి మరణశిక్ష వేసేయను.

నాలుగింట్లో ఒక్కటే చచ్చి, సిస్ట్ దాని వేరు చుట్టూ ఉంటే చాలావరకు అది చచ్చిన పంటి నరం వల్ల వచ్చే రాడిక్యులర్ సిస్ట్. ఆ పన్నుకు రూట్ కెనాల్ తప్పదు, పక్కవి ఊరికే ఇరుక్కున్నవి. నాలుగూ బతికే ఉంటే కథ వేరు. పై దవడ మధ్యలో ఉంటే నాసోపాలటైన్ సిస్ట్ కావచ్చు, మరోచోట కెరటోసిస్ట్ కావచ్చు. అవి పంటి నరం వల్ల వచ్చినవి కావు కాబట్టి ఎన్ని రూట్ కెనాల్స్ చేసినా పిసరు కూడా తగ్గవు. కింది దవడలో వచ్చే సింపుల్ బోన్ సిస్ట్ మరీ విచిత్రం. వేర్ల మధ్యకు చొచ్చుకుపోయి ఎక్స్‌రేలో భయపెడుతుంది, తెరిచి చూస్తే చాలాసార్లు లోపల ఖాళీ!

సర్జన్ల వాదనలోనూ పస ఉంది. వేరు కొన సిస్ట్‌లోకి బోడిగా వచ్చేసి ఉంటే, తిత్తిని ఒలిచేటప్పుడు ఆ కొనలోంచి పంటిలోకి వెళ్ళే రక్తనాళాలు తెగిపోవచ్చు. తర్వాత పన్ను చచ్చి, మానుతున్న చోట ఇన్ఫెక్షన్ రావచ్చు. కెరటోసిస్ట్ అయితే వేర్ల వెనక కాస్త పొర మిగిలినా మళ్ళీ పెరుగుతుంది, కాబట్టి గట్టిగా గీకాలి, ఒక్కోసారి వేరు కొనలు కోయాలి. అలాంటప్పుడు బతికున్న పంటికైనా ముందే రూట్ కెనాల్ చేసేస్తాను. సిస్ట్ పెద్దదై, కొంతకాలం ఆగే వీలుంటే డీకంప్రెషన్ గురించి సర్జన్‌తో మాట్లాడతాను. సిస్ట్‌కి రంధ్రం చేసి చిన్న ట్యూబు పెడతారు, పేషెంటు రోజూ సెలైన్‌తో కడుక్కోవాలి. విసుగు పనే. కానీ కొన్ని నెలల్లో సిస్ట్ కుదించుకుని వేర్ల మీదికి కొత్త ఎముక వస్తే, మిగిలింది తీసేటప్పుడు పళ్ళకు ముప్పు తగ్గుతుంది.

ముట్టుకోకుండా వదిలిన పళ్ళు ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, చల్లదనానికి పలకకపోవచ్చు. అప్పుడే టెన్షన్ పడి రూట్ కెనాల్‌కి పరుగెత్తక్కర్లేదు. పన్ను బూడిద రంగుకు తిరగడం, చిగురు మీద చీము పొక్కు, ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర మచ్చ తగ్గకపోగా పెరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే రమ్మంటాను. ఏమీ లేకపోతే ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి ఎక్స్‌రే, మళ్ళీ అదే దూది ఉండ.