అవ్వ నోట తెలుగు పలికించిన తొమ్మిది రోజులు

ఎనిమిదేళ్లుగా హైదరాబాదులో ఇంటి నుంచే బొమ్మలు గీస్తూ జీవిస్తున్నాను. పిల్లల పుస్తకాలకు బొమ్మలు, ముఖచిత్రాలు నాకు ప్రధాన ఆధారం. యానిమేషన్ పనులు ఏడాదికి మూడో నాలుగో వస్తాయి. కిందటి వేసవిలో ఒక స్వచ్ఛంద సంస్థ అంగన్‌వాడీ పిల్లల కోసం 90 సెకన్ల చిత్రం అడిగింది. కథలో ఉన్నది ఒక అవ్వ, ఆమె మనవళ్లు, ఒక మామిడిపండు. దాదాపు 40 సెకన్లు అవ్వ మాట్లాడుతూనే ఉంటుంది, అదీ ముఖం తెర నిండా కనిపించే షాట్లలో. అంతవరకు నేను చేసినవన్నీ వెనక వ్యాఖ్యానం నడిచే చిత్రాలే కనుక, బొమ్మ నోట తెలుగు పలికించడం నాకు అదే మొదటిసారి.

స్టోరీబోర్డు (షాటు తరవాత షాటుగా గీసిన కథ), యానిమాటిక్ (ఆ బొమ్మలనే శబ్దంతో, సమయంతో పేర్చిన ముసాయిదా వీడియో) ఇబ్బంది లేకుండా ఒప్పుదల పొందాయి. అవ్వకు గొంతు ఇచ్చింది అనంతపురం వైపు నుంచి వచ్చిన అరవై దాటిన కళాకారిణి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. అంటే ఆ 40 సెకన్లలో అవ్వ నోటిని 480 చోట్ల నిర్ణయించాలి.

ఈ పనికి చాలామంది యానిమేటర్ల లాగే నేనూ అమెరికన్ యానిమేటర్ ప్రెస్టన్ బ్లెయిర్ గీసిన నోటి ఆకారాల పట్టికను ముందు పెట్టుకున్నాను. అది ఇంగ్లీషు ఉచ్చారణ కోసం గీసిన పట్టిక. ఆ మాటకొస్తే చాలా గొప్ప పట్టిక. పొరపాటు నాది. ఆడియో వినడానికి బదులు సంభాషణల కాగితం చూస్తూ, అక్షరానికొక నోరు చొప్పున ఎక్స్-షీట్ (ఏ ఫ్రేములో ఏ బొమ్మ రావాలో రాసుకునే పట్టీ) నింపుకుంటూ పోయాను. మ, ప, బ వచ్చిన ప్రతిచోటా, సున్న కనిపించిన ప్రతిచోటా పెదవులు మూసేశాను.

మొదటి షాటు చూపించినప్పుడు, అవ్వకు గొంతు ఇచ్చిన ఆ అమ్మ రెండుసార్లు శ్రద్ధగా చూసి, "నేను మాట్లాడినట్టు లేదు తల్లీ, ఏదో నములుతున్నట్టుంది" అన్నారు. ఆమె అన్నది అక్షరాలా నిజం. ఎక్కడ తప్పిందో మాత్రం ఆ పూట నాకు అంతుపట్టలేదు.

మరునాడు ఆమెను అడిగి, అవే మాటలు పలుకుతుండగా ఫోనులో స్లో మోషన్‌లో వీడియో తీసుకున్నాను. "మామిడిపండు ఒక్కటే ఉంది, అంతా పంచుకుందాం" అనే వాక్యం దగ్గరే సమస్తం బయటపడింది. ఆ వాక్యంలో ఆరు సున్నలున్నాయి. పండులో సున్న పలికేటప్పుడు నాలుక పైకి మడత పడుతుంది. ఉంది, అంతా అనేటప్పుడు నాలుక పళ్ల వెనక్కి తాకుతుంది. పంచు దగ్గర అంగిలికి ఆనుతుంది. ఇదంతా నోటి లోపల జరిగే పని. పెదవులు తెరిచే ఉంటాయి. సున్న తన తరవాతి అక్షరాన్ని బట్టి పలుకుతుందని బడిలో చదువుకున్నదే, కానీ చేతికి అందేసరికి ఇన్నేళ్లు పట్టింది. ఇక ఆమె పలికింది మామిడి కాదు, మావిడి. రెండో అక్షరం దగ్గర పెదవులు దగ్గరపడ్డాయే తప్ప కలవలేదు. చివరి దాం దగ్గరా అంతే, సగం మూతతో మాట ఆగిపోయింది. నేను పది చోట్ల నోరు మూసిన ఆ వాక్యంలో ఆమె పెదవులు పూర్తిగా కలిసినవి మూడే చోట్ల: మా దగ్గర ఒకసారి, రెండు పకారాల దగ్గర రెండుసార్లు.

అక్కడి నుంచి పని మొదటికి వచ్చింది. తెలుగు అజంత భాష కనుక మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. పళ్లు దగ్గరపెట్టిన హల్లు ఆకారంతో మాటను ముగిస్తే తెలుగు చెవికి అది తెగిపోయినట్టు అనిపిస్తుంది. అందువల్ల ముందు అచ్చులు మాత్రమే గీసి, దీర్ఘాలకు హ్రస్వాల కంటే రెట్టింపు ఫ్రేములు ఇచ్చి, ఆ తరవాతే పెదవులు కలిసే చోట్లు చేర్చాను. "అమ్మ"లోని ద్విత్వానికి రెండు ఫ్రేములు చాలవు, నాలుగు కావాలి. ప్రతి ఆకారాన్నీ శబ్దం కంటే ఒక ఫ్రేము ముందుకు జరిపాను.

నోరు కుదిరినా అవ్వలో ఇంకా ప్రాణం రాలేదు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇళ్ల దగ్గర కూర్చుని గీసుకున్న పాత స్కెచ్ పుస్తకం అప్పుడు తీశాను. సెలవు దొరికితే నేను చేసే పని అదే: తోలు మీద ఉలితో పొడిచే చుక్కల వరసలనూ, భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో కట్టిన కీళ్లనూ చూసి గీసుకోవడం. తోలుబొమ్మ నోరు తెరవదు. అయినా తెర మీద రెండు బొమ్మలుంటే ఏది మాట్లాడుతోందో పసిపిల్లలకు కూడా తెలుస్తుంది, ఎందుకంటే మాట ఊనికకు చెయ్యి లేస్తుంది, తల కదులుతుంది. "ఒక్కటే" అన్నచోట అవ్వ గడ్డాన్ని కాస్త కిందికి దించి, "అంతా" అన్నచోట అరచేతిని పిల్లల వైపు తిప్పాను. ఆ రెండు కదలికల తరవాత నేను గీసిన నోళ్లలో దాదాపు నాలుగో వంతు అవసరం లేకుండా పోయాయి, తీసేశాను.

తిరిగి గీసిన ఈ పనికి తొమ్మిది రోజులు పట్టింది. పొరపాటు నాది కనుక దానికి అదనంగా డబ్బు అడగలేదు. సగం అడ్వాన్సు ముందే అందింది. మిగతా సగం, చెల్లించేటప్పుడే కోసుకునే పదిశాతం పన్ను (టీడీఎస్) పోను, నెలన్నరకు వచ్చింది.

చివరి కాపీ చూడటానికి ఆ అమ్మ మనవరాలిని వెంటబెట్టుకొని వచ్చారు. ఈసారి ఆమె తెర వైపు చూడకుండా పిల్ల ముఖమే చూస్తూ కూర్చున్నారు. "పంచుకుందాం" దగ్గర ఆ పిల్ల పెదవులు అవ్వతో పాటే కదిలాయి.

నేను తయారుచేసుకున్న పట్టికలో ఇప్పుడు ఎనిమిది ఆకారాలున్నాయి. అవి అనంతపురం పలుకు నుంచి తీసుకున్నవి. వచ్చే నెల కరీంనగర్ రైతు ఒకాయన మాటలకు బొమ్మ గీయాలి. ఆయన మాట్లాడిన రికార్డింగుతో పాటు, ఈసారి మొదటి రోజే ఆయన పెదవుల వీడియో కూడా అడిగి పెట్టుకున్నాను.