పేరు తెలిసినదే, అడిగిన పనే తేడా

"నా కోడ్ పొరపాటున నీ నంబర్‌కి వచ్చింది, కాస్త చెప్పవా? అర్జెంట్."

వాట్సాప్‌లో ఈ మెసేజ్ మీకు బాగా తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తుంది. ఫొటో వాళ్లదే. స్క్రీన్ కాస్త పైకి జరిపితే మొన్న మీరిద్దరూ వేసుకున్న జోకు కూడా అక్కడే ఉంటుంది. అకౌంట్ నిజంగా వాళ్లదే, నడుపుతున్నది మాత్రం ఇంకెవడో. అందుకే "తెలియని నంబర్లకు జవాబివ్వకండి" అనే సలహా ఇక్కడ ఎందుకూ పనికిరాదు. పంపిందెవరో చూసి లాభం లేదు, చేయమన్నదేంటో చూడాలి. కోడ్ చెప్పమన్నా, ఏదో నంబర్ డయల్ చేయమన్నా, ఫైల్ ఇన్‌స్టాల్ చేయమన్నా, వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయమన్నా, డబ్బు వేయమన్నా, అడిగింది సొంత తమ్ముడైనా సరే, అక్కడ ఆగాలి.

ముందు కోడ్ సంగతి. వాట్సాప్‌ని ఏ నంబర్‌తో కొత్త ఫోన్‌లో తెరవబోయినా, ఆ నంబర్‌కే 6 అంకెల కోడ్ వెళ్తుంది. మోసగాడు తన ఫోన్‌లో మీ నంబర్ కొట్టాడు కాబట్టి అది మీకొచ్చింది. వేరేవాళ్ల కోడ్ దారి తప్పి మీ దగ్గరికి రావడమనేది ఉండదు. మీకొచ్చిందంటే అది మీ అకౌంట్ తాళమే. చెప్పేశారా, మీ ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అయిపోతుంది, మీ పేరుతో మీ వాళ్లందరికీ అదే మెసేజ్ బయల్దేరుతుంది.

దీనికి అడ్డుకట్ట సెట్టింగ్స్‌లో, అకౌంట్ కింద, టూ-స్టెప్ వెరిఫికేషన్. అక్కడ మీరే 6 అంకెల పిన్ పెట్టుకుంటే, ఎస్ఎంఎస్ కోడ్ దొరికినా ఆ పిన్ లేకుండా లోపలికి రాలేరు. ఈమెయిల్ అడిగే చోట చాలామంది "స్కిప్" నొక్కేస్తారు, నొక్కకండి. పిన్ మర్చిపోయి, ఈమెయిల్ కూడా లేకపోతే 7 రోజులు ఎదురుచూడాల్సి వస్తుంది.

కోడ్ నోటితో అడగకుండానే లాగే పద్ధతి ఇంకోటుంది. "మీ లైన్‌లో సమస్య ఉంది, ఇది డయల్ చేయండి" అంటూ 21* తో మొదలై, మధ్యలో ఒక ఫోన్ నంబర్, చివర # ఉన్న వరస ఇస్తారు. అది కాల్ ఫార్వర్డింగ్, అంటే మీకొచ్చే కాల్స్‌ని ఆ నంబర్‌కి మళ్లించడం, ఆన్ చేసే కోడ్. ఆపైన మోసగాడు లాగిన్ కోడ్‌ని ఎస్ఎంఎస్‌లో కాకుండా కాల్‌లో చెప్పమని వాట్సాప్‌ని అడుగుతాడు, ఆ కాల్ నేరుగా వాడికే పోతుంది. అనుమానం వస్తే *#21# కొట్టి, ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ##002# కొడితే చాలా నెట్‌వర్కుల్లో ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి.

వీటన్నిటికన్నా ప్రమాదం లింక్డ్ డివైసెస్‌తో (మీ వాట్సాప్‌ని కంప్యూటర్‌లాంటి వేరే చోట కూడా తెరిచే సౌకర్యం), ఎందుకంటే అక్కడ పోయినట్టే తెలియదు. "ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా?" అని ఓ లింక్ వస్తుంది. తెరిస్తే, ఫొటో చూడాలంటే నంబర్ ఇవ్వమంటుంది. ఇస్తే 8 అక్షరాల కోడ్ చూపించి, అది మీ వాట్సాప్‌లో ఎంటర్ చేస్తే వెరిఫై అవుతుందంటుంది. నిజానికి మీరు చేసేది వాడి కంప్యూటర్‌ని మీ అకౌంట్‌కి జోడించడం. మీ వాట్సాప్ ఎప్పటిలాగే పనిచేస్తూ ఉంటుంది, వాడు పక్కన కూర్చుని చదువుతూ ఉంటాడు. వారానికోసారి లింక్డ్ డివైసెస్ తెరిచి, గుర్తుపట్టలేని డివైస్ కనిపిస్తే దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. టెలిగ్రామ్‌లోనైతే సెట్టింగ్స్‌లో డివైసెస్ ఉంటుంది, మిగతా సెషన్లన్నీ ఒకేసారి ఆపేయవచ్చు.

ఫైళ్ల విషయంలో పేరు చివర చూడండి. ఆహ్వాన పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఏపీకేగా (.apk) రాదు. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్. ఇన్‌స్టాల్ అవ్వగానే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఆ రెండూ ఇస్తే ఓటీపీలు చదవడమే కాదు, మీ బదులు బటన్లు కూడా అదే నొక్కగలదు. పొరపాటున వేసేస్తే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. అన్‌ఇన్‌స్టాల్ అవ్వకుండా మొరాయిస్తే యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు తీసేసి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ పోకపోతే ఫ్యాక్టరీ రీసెట్టే.

వీడియోలకు లైకులు కొడితే డబ్బులిస్తామనే గ్రూపుల గురించి ఒక్క మాట: మొదట కొంచెం నిజంగానే ఇస్తారు, అది ఎర. తెర మీద బ్యాలెన్స్ పెరుగుతుంటుంది, తీసుకోబోతే ముందు ఫీజు కట్టమంటారు. మన డబ్బు మనకివ్వడానికి ఫీజు కట్టమన్నారంటే అక్కడ డబ్బే లేదు.

ప్రొఫైల్ ఫొటో మూలన టిక్ కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అసలు వెరిఫైడ్ గుర్తు పేరు పక్కన ఉంటుంది, ఫొటోలో కాదు. ఫొటో మీద టిక్ ఎవరైనా అతికించుకోవచ్చు. "ఫోన్ పాడైంది, ఇది నా కొత్త నంబర్" అంటే పాత నంబర్‌కి కాల్ చేయండి. వాయిస్ మెసేజ్ విని నమ్మేయొద్దు, గొంతుని అచ్చు దించడం ఇప్పుడు కష్టం కాదు. ఏదైనా అడిగి తేల్చుకోవాలనుకుంటే చాట్‌లో ఎప్పుడూ రాయని సంగతి అడగండి. చాట్‌లో ఉన్నది వాడూ చదివి ఉండొచ్చు.

డబ్బు పోయిందా, మొదటి కాల్ బ్యాంకుకే, పోలీసు ఫిర్యాదు ఆ వెంటనే. చాట్‌ని స్క్రీన్‌షాట్లు తీశాకే రిపోర్ట్ నొక్కండి. వాట్సాప్‌కి చివరి 5 మెసేజ్‌లు వెళ్తాయి, అదే తెరలో చాట్ డిలీట్ చేసే ఆప్షన్ కూడా ఉంటుంది, తొందరలో సాక్ష్యం చెరిగిపోతుంది.

అకౌంటే పోతే యాప్‌లో మీ నంబర్‌తో మళ్లీ రిజిస్టర్ అవ్వండి. కొత్త 6 అంకెల కోడ్ వేయగానే వాడు బయటికి పోతాడు. వాడు పెట్టిన పిన్ అడిగితే 7 రోజులు ఆగక తప్పదు, కానీ ఆ వారం వాడు కూడా మీ అకౌంట్‌లో ఉండడు. ఈలోగా మీ వాళ్లకి మామూలు ఫోన్ కాల్ చేసి చెప్పండి, ముందుగా మీరు ఎక్కువమందితో ఉన్న గ్రూపు అడ్మిన్‌కి.