వేలు చూశాడు, చందమామను చూడలేదు

మా చిన్నోడికి రెండేళ్ళ మూడు నెలలున్నప్పుడు, ఒక రాత్రి వాడు పడుకున్నాక ఫోన్లో ఎం-చాట్ అనే ఫారం నింపాను. ఆటిజం లక్షణాలేమైనా ఉన్నాయేమో తెలుసుకోవడానికి 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారుచేసిన 20 ప్రశ్నలు. అవును, కాదు, అంతే. పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా? అవును అని కొట్టాను. నిజానికి నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి తిరిగేవాడు, అదీ నా చేతిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతేనే. కావలసినది వేలు పెట్టి చూపిస్తాడా? దానికీ అవునే. నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళేవాడు, అదీ చూపించడమే కదా అనుకున్నాను. మొత్తం స్కోరు 2. రెండు దాకా వస్తే రిస్క్ తక్కువట. హమ్మయ్య అనుకుని పడుకున్నాను. ఆ హమ్మయ్యకి పది నెలలు పోయాయి.

పిల్లల డాక్టరు కూడా ఆ హమ్మయ్యకి తోడయ్యారు. "మగపిల్లలకి మాటలు లేటేనమ్మా. వాళ్ళ నాన్నకి ఎప్పుడొచ్చాయి?" అన్నారు. "మూడేళ్ళకి" అంది అత్తయ్య. ఇంకేముంది, ముగ్గురం నవ్వుకుంటూ బయటికొచ్చాం. ఆ రోజు నాక్కావలసిన మాటే ఆయన అన్నారు. అందుకే ఇప్పుడు ఆయన్ని తిట్టుకోవాలన్నా సగం తిట్టు నాకే తగులుతుంది.

తేడా మొదట పట్టింది అత్తయ్యే. తెనాలి నుంచి వచ్చినప్పుడు మేడ మీద పెరుగన్నం తినిపిస్తూ చందమామను చూపించేది. వీడు ఆవిడ వేలు పట్టుకుని, గోరు మీద మిగిలిన గోరింటాకు ఎరుపును గీకుతూ కూర్చునేవాడు. మూడోరోజు గిన్నె కింద పెట్టేసి, "వీడు నా వేలే చూస్తున్నాడు గానీ పైకి చూడట్లేదేంటే అమ్మాయ్" అంది. ఏడాది దాటిన పిల్లలు సాధారణంగా మనం చూపించిన వైపు చూస్తారనీ, కొన్నాళ్ళకి తామే ఏదో ఒకటి చూపించి, మనం చూశామా లేదా అని మన ముఖంలోకి చూస్తారనీ నాకు తర్వాత తెలిసింది. ఆటిజంలో తొందరగా బయటపడే లక్షణాల్లో ఇదొకటి. ఎం-చాట్‌లో మొదటి ప్రశ్న కూడా ఇదే. నేను దానికీ అవును కొట్టాను.

కొత్త డాక్టరు ముందు చెవులు చూపించమన్నారు. పిలిస్తే పలకని పిల్లాడికి వినపడుతోందో లేదో తేల్చుకోవద్దా? ఆ పరీక్ష పేరు బెరా. తల మీద, చెవుల వెనక స్టిక్కర్లు అంటించి, చెవిలో టిక్కుటిక్కుమని శబ్దం వినిపిస్తే మెదడు దాకా వెళ్తోందో లేదో మిషన్ రాసుకుంటుంది. కాకపోతే పిల్లాడు కదలకుండా నిద్రపోవాలి. రాత్రి పన్నెండు దాకా పడుకోనివ్వకుండా, తెల్లవారుజామున ఐదింటికే లేపి తీసుకెళ్ళాం. కారులో కునుకు తీయకుండా దారి పొడుగునా నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను. అక్కడ నిద్రమందు పోశారు, సగం నా చీర మీదే కక్కాడు. గంటకి పడుకున్నాడు. ఒక చెవి అయ్యి రెండో చెవికి స్టిక్కర్ సర్దేసరికి లేచి కూర్చున్నాడు. వారం తర్వాత మళ్ళీ అదే తంతు. రిపోర్టులో రెండు చెవులూ నార్మల్. మా ఆయన స్వీట్లు కొందామన్నాడు. నాకు అసలు టెన్షన్ ఆ రోజే మొదలైంది. వినపడుతున్నప్పుడు మరి పలకడేం?

అసెస్‌మెంట్ రెండు రోజులు జరిగింది. సైకాలజిస్టు చేతిలోనూ ఫారాలున్నాయి గానీ ఆవిడ అవునా కాదా అని అడగలేదు. "నిన్న పొద్దున బాబుకి దాహం వేసినప్పుడు ఏం చేశాడో చెప్పండి" అంది. నేను ఒకటి చెప్పాను, మా ఆయన ఇంకొకటి చెప్పాడు. ఆవిడ రెండూ రాసుకుంది. ఎం-చాట్‌లో స్కోరు 3 నుంచి 7 మధ్య వస్తే ఇలాగే విడమరిచి మళ్ళీ అడగాలట. నేను నిజం కొట్టి ఉంటే ఏడో ఎనిమిదో వచ్చేది.

తర్వాత వాడితో ఆటలు. సబ్బు బుడగలు ఊదింది, వాడు కేరింతలు కొట్టాడు. ఉన్నట్టుండి మూత బిగించి ఊరుకుంది. వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని తెచ్చి మూత మీద పెట్టాడు, స్పానర్ తెచ్చి నట్టు మీద పెట్టినట్టు. ఒక్కసారైనా ఆవిడ ముఖంలోకి చూడలేదు. కాసేపటికి గది మూలకెళ్ళి, "తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి" అన్నాడు, అచ్చం మెట్రో గొంతుతో. అమ్మా అని పిలవని పిల్లాడు. మాకు ఇంట్లో అది ముద్దు. ఆవిడ అదీ రాసుకుంది.

ఒక ఎంఆర్ఐ తీద్దామా అని అడిగాను. ఆటిజాన్ని తేల్చే స్కాన్ గానీ రక్తపరీక్ష గానీ ఇప్పటిదాకా లేవని డాక్టరు చెప్పారు. ఫిట్స్ అనుమానముంటే ఈఈజీ, కారణం వెతకడానికి ఒక్కోసారి జన్యుపరీక్షలు చేయిస్తారు, అంతే. ఎవరికైనా చూసే, అడిగే తేల్చాలి. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం 2013లో వచ్చింది. దాని ప్రకారం నలుగురితో కలిసే తీరులో, మాటలు, సైగలు, చూపుల్లో ఇబ్బంది ఉండాలి. దాంతోపాటు చేసిందే చేయడం, మార్పును భరించలేకపోవడం, ఒకేదాని మీద పిచ్చి ఇష్టం, శబ్దాలు, స్పర్శల దగ్గర తేడా, ఈ నాలుగింట్లో కనీసం రెండు ఉండాలి. చివరికి ఐఎస్ఏఏ అనే మన దేశపు స్కేలు నింపారు. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. దాన్ని తయారుచేసింది మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే. మావాడికి 96 వచ్చాయి. 70 నుంచి 106 దాకా మైల్డ్ అంటారు. ఎక్కువ మార్కులొస్తే ఏడ్చే పరీక్ష నా జీవితంలో ఇదొక్కటే.

ఇంటికొచ్చాక "ఫోన్ ఇచ్చి నువ్వే చెడగొట్టావు" అన్నారు చుట్టాలు. వర్చువల్ ఆటిజం అనే మాట అప్పుడే విన్నాను. డీఎస్ఎం-5లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో గానీ అలాంటి జబ్బేమీ లేదు. ఫోన్ తగ్గించాం, తగ్గించాల్సిందే. అది వేరే సంగతి. తల్లిని అనడం కొత్తేమీ కాదు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు అమెరికాలో ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాశాక, చాలా ఏళ్ళు తల్లుల ప్రేమలో వెచ్చదనం లేకే ఇలా అయ్యారన్నారు. 1977లో బ్రిటన్‌లో, కనీసం ఒకరికి ఆటిజం ఉన్న 21 కవల జంటలను చూశారు. ఒకే పోలిక, ఒకే జన్యువులు ఉన్న కవలల్లో 11 జంటలుంటే నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది. మిగతా పది జంటల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. జన్యువుల పాత్ర పెద్దదని తర్వాతి పరిశోధనలు చెబుతూ వచ్చాయి. టీకాల వల్లే ఆటిజం వస్తుందన్న గొడవకైతే 2019లో డెన్మార్క్ వాళ్ళు ఆరున్నర లక్షల మంది పిల్లల లెక్క తీసి జవాబిచ్చారు, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి వేసే ఎంఎంఆర్ టీకా వల్ల రిస్క్ పెరగదని. నేను ఇవన్నీ ప్రింట్ తీసి అత్తయ్యకి చదివి వినిపించాను. "మరి నేను వేలు చూపించకపోతే నీకు తెలిసేదా" అంది, ఆవిడ లోకం ఆవిడది.

వైకల్య సర్టిఫికెట్ దగ్గర మా ఆయన నెల రోజులు నానబెట్టాడు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం ఉంటే చాలు, మావాడి స్కోరుకి అది ఎటూ దాటుతుంది. కాగితం మీద వాడి పేరు పక్కన ఆ మాట చూడలేనన్నాడు. చివరికి సంతకం ఆయనే పెట్టాడు.

ఇప్పుడు మాకు పాప కూడా ఉంది, ఏడాదిన్నర. అన్నకో అక్కకో ఆటిజం ఉంటే తర్వాతి పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉందంటారు. మొన్న ఆదివారం మళ్ళీ అదే ఫారం ప్రింట్ తీసి, ఇద్దరం వేరువేరు గదుల్లో కూర్చుని నింపాం. మొదటి ప్రశ్న దగ్గరే తేడా వచ్చింది, నాది అవును, ఆయనది కాదు. పాపని ఎత్తుకుని మేడెక్కాం. చందమామ లేదు. దూరంగా సెల్ టవర్ మీద ఎర్రలైటు వెలుగుతుంటే దాన్ని చూపించాను. పాప లైటు చూసింది, నా ముఖం చూసింది, మళ్ళీ లైటు చూసింది. ఆయన తన కాగితం మీద కాదు కొట్టేసి అవును పెట్టాడు. నేను నా కాగితం మీద తేదీ వేసి, రెండేళ్ళప్పుడు మళ్ళీ నింపాలి అని కింద రాసుకున్నాను.