ఎవరి చేతి అన్నం తింటూ పాడుతున్నాము

బెంగళూరులోని స్నేహితులు మా పాటల కన్నా ముందు మా ఖర్చుల గురించి అడుగుతారు. వాయిద్యాలు సర్దుకుని, బండి మాట్లాడుకుని, శని ఆదివారాలలో చింతామణికో మదనపల్లెకో వెళ్లి పాడి వచ్చే మా క్రైస్తవ పాటల బృందం ఏ సంఘాన్నీ ఇంత ఇవ్వండని అడగదని తెలిసినప్పుడు, మరి ఎలా గడుస్తున్నదని ఆశ్చర్యపోతారు. దేవుడు సమకూరుస్తున్నాడని చెబుతాము, అది నిజం. అయితే ఆ ఒక్క మాటతో ఊరుకుంటే, ఆయన ఎవరి చేతుల మీదుగా సమకూరుస్తున్నాడో ఆ మనుషులు కనబడకుండా పోతారు. బృందం లెక్కల పుస్తకం రాసేది నేను కాబట్టి, ఆ మనుషుల గురించి చెప్పవలసిన బాధ్యత నా మీద ఉన్నదని నమ్మి ఇది రాస్తున్నాను.

మేము లింగరాజపురం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువాళ్లము. మాలో ఎక్కువమంది ఉద్యోగస్థులము. కీబోర్డు వాయించే తమ్ముడు ఒక్కడే పూర్తికాలం ఈ సేవలో ఉన్నాడు. మేము వెళ్లే ఊళ్లు కర్ణాటక, ఆంధ్ర సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. ఇటు బాగేపల్లి, గౌరిబిదనూరు, శ్రీనివాసపురం, ముళబాగిలు, పావగడ. అటు హిందూపురం, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు. ఇటువైపు ఊళ్లలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడ. అందుచేత అక్కడి యువతీయువకులు అమ్మమ్మల నోట విన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను కన్నడ లిపిలో రాసుకుని తెలుగులో పాడుతారు. పేరున్న గాయకులు హైదరాబాదు నుండి విజయవాడకు వెళ్తారు, బెంగళూరుకు వస్తారు. బాగేపల్లి దగ్గర రేకుల కప్పు కింద కూడుకునే సంఘానికి రావడం అరుదు. ఆ సంఘాల కోసమే మేము ఈ పని మొదలుపెట్టాము.

ప్రసంగీకుడికి బైబిలు, బస్సు టికెట్టు ఉంటే ప్రయాణం సాగుతుంది. వాయిద్య బృందానికి అలా కుదరదు. టెంపో, డీజిలు, టోలు, సరిహద్దు దాటితే పర్మిట్ పన్ను, వోల్టేజీ పడిపోతే మిక్సర్‌ను కాపాడే స్టెబిలైజరు, కరెంటు పోతే జనరేటరు, ప్రతి రెండు మూడు కూటాలకు ఒకసారి తెగే కేబుళ్లు, గిటారు తీగలు, డోలకు మూతలు, వీటన్నిటికీ డబ్బు కావాలి. సంచి లేకుండా, జాలె లేకుండా పంపినప్పుడు మీకు ఏమైనా తక్కువైందా అని ప్రభువు శిష్యులను అడిగిన సంగతి లూకా సువార్త 22వ అధ్యాయంలో ఉన్నది. ఏమీ తక్కువ కాలేదని వారు చెప్పారు. మేము మాత్రం బండి నిండా సామాను వేసుకుని బయలుదేరుతున్నాము. కాబట్టి మా అవసరం ఆ శిష్యుల అవసరం కన్నా పెద్దది. ఎంత మేరకు ఆ సామాను సువార్తకు అవసరం, ఎంత మేరకు అది మా ఇష్టం అనే పరీక్ష ప్రతి ప్రయాణానికి ముందు మేము చేసుకోవలసి ఉంటుంది. ఆ పరీక్ష తరువాత పెద్ద స్పీకర్లను తీసుకువెళ్లడం మానివేశాము.

అడగకూడదనే నియమం మేము కనిపెట్టింది కాదు. 1836లో బ్రిస్టల్ నగరంలో అనాథాశ్రమం ప్రారంభించిన జార్జి ముల్లర్ తన అవసరాలను మనుషులకు చెప్పకుండా ప్రార్థనలో మాత్రమే చెబుతానని నిశ్చయించుకుని, తన జీవితకాలంలో పదివేల మందికి పైగా పిల్లలను పోషించాడు. మన దేశంలో సహోదరుడు భక్త సింగ్ 1941లో మద్రాసులో, తరువాత హైదరాబాదులోని హెబ్రోను మందిరంలో స్థాపించిన సంఘాలలో సేవకులకు నిర్ణీత జీతాలు లేవు, విరాళాల కోసం అభ్యర్థనలు లేవు. అయినా ఏటేటా జరిగే పరిశుద్ధ సమాజ కూటాలకు వచ్చిన వేలమందికి ప్రేమవిందు వడ్డించారు. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఆ పంక్తులలో కూర్చుని తిన్నవాళ్లే.

ఇక్కడ నాకు ఒక గట్టి అభిప్రాయం ఉన్నది. చేయి చాపకపోయినంత మాత్రాన అడగకుండా ఉన్నట్టు కాదు. వేదిక మీద నిలబడి, బండి ఇంజను పాడైంది, ప్రభువు సగం సొమ్ము సమకూర్చాడు, మిగిలిన సగం కోసం ప్రార్థించండి అని సాక్ష్యం చెబితే, అది సాక్ష్యం రూపంలో ఉన్న అభ్యర్థనే. వినేవారిలో వెయ్యి రూపాయలకు వెనుకాడని వ్యాపారి ఉండవచ్చు. రేపటి కూలిని నమ్ముకున్న తల్లి కూడా ఉంటుంది, ఆ మాట ఆమె గుండెకే ముందు తగులుతుంది. అందుకే బృందం అవసరాలను కూటంలో గాని, భోజనాల దగ్గర గాని ప్రస్తావించకూడదని నిర్ణయించుకున్నాము. తీరిన అవసరాన్ని కూడా, ఆ సంవత్సరం లెక్క ముగిసిన తరువాత మాత్రమే చెబుతాము.

నిజానికి బైబిలు అన్ని చోట్లా అడగవద్దని చెప్పలేదు. సారెపతు విధవరాలి దగ్గర తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె మాత్రమే మిగిలి ఉన్నాయని విన్న తరువాత కూడా, ముందు నాకొక చిన్న అప్పం చేసి తీసుకురమ్మని ఏలీయా ప్రవక్త అడిగాడు. యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేయమని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘంవారికి రాశాడు. ఏలీయా ఆమె కన్నా ధనవంతుడు కాడు, కెరీతు వాగు ఎండిపోయి ఆకలితో వచ్చినవాడు. పౌలు అడిగింది తన కోసం కాదు. మేము నెల జీతాలు తీసుకుంటూ, మా కన్నా లేనివారి ఊళ్లకు వెళ్తున్నాము. మా విషయంలో అడగకపోవడం గొప్ప విశ్వాసానికి గుర్తు కానక్కరలేదు, అది కనీస మర్యాద. తీసుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉన్నది.

మదనపల్లె టమాటా మార్కెట్టు ఎంత పెద్దదో తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటిన అదే పంటను, ధర కూలిపోయిన నెలలలో కోత కూలి కూడా రాదని రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు. ఆ ప్రాంతపు సంఘాలలో కానుకల సంచి టమాటా ధరతో పాటు పెరుగుతుంది, తరుగుతుంది. ధర పడిపోయిన ఒక కాలంలో మేము ఆ చుట్టుపక్కల ఒక పల్లెలో పాడాము. కూటం ముగిశాక పాస్టరుగారి భార్య ఒక కవరు, ఒక బియ్యం మూట, రెండు గుమ్మడికాయలు తెచ్చి మా బండి దగ్గర పెట్టారు. మా తబలా అన్న ఆమెకు నమస్కరించి, "అమ్మగారూ, ఈసారికి ఇవేమీ వద్దండి, ఊళ్లో పరిస్థితి మేమూ చూస్తూనే ఉన్నాం కదా" అన్నాడు. ఆమె మూటను వెనక్కి తీసుకోలేదు. "మా ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్కన పెడతారు నాయనా. ఇది నేనిచ్చింది కాదు. మీరు వద్దని వెళ్లిపోతే, మీ బియ్యం వాళ్లకు పనికిరాలేదని రేపు నేను ఏ ముఖంతో చెప్పను?" అని అడిగారు.

పిడికెడు బియ్యం కానుక మన సంఘాలలో చాలాకాలంగా ఉన్న అలవాటే. మిజోరాం స్త్రీలు 1910లో ప్రారంభించిన ఇదే పద్ధతి అక్కడి సంఘాల సేవకు ఎంత పెద్ద ఆధారమైందో క్రైస్తవ సేవా చరిత్ర చదివినవారికి తెలుసు. కానీ చదివి తెలుసుకోవడం వేరు, ఆ మూటను మనమే ఎత్తి బండిలో పెట్టుకోవడం వేరు. వేరువేరు ఇళ్ల బియ్యం అందులో కలిసి ఉన్నాయి, సన్నవి, లావువి, రేషను బియ్యం.

తిరుగు ప్రయాణంలో తబలా అన్న చాలాసేపు వాదించాడు. జీతగాళ్లమైన మనం కూలివాళ్ల పిడికెడు బియ్యం తినడం న్యాయమేనా అన్నది అతని ప్రశ్న. నేను పౌలును గుర్తుచేశాను. కొరింథులో ఆయన డేరాలు కుట్టుకుని బ్రతికాడు, ఆ సంఘం మీద భారం మోపలేదు. ఫిలిప్పీ వారి సహాయాన్ని మాత్రం సంతోషంగా స్వీకరించాడు. ఆ ఫిలిప్పీ ఉన్న మాసిదోనియ సంఘాలనే, నిరుపేదలైనా విస్తారంగా ఇచ్చారని రెండవ కొరింథీ పత్రికలో మెచ్చుకున్నాడు. అంటే వర్తక పట్టణమైన కొరింథు దగ్గర వద్దన్నవాడు పేదల దగ్గర తీసుకున్నాడు. ఇచ్చేవారి స్తోమతను కాదు, ఇచ్చేవారికీ తనకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఆయన చూశాడని నేను అర్థం చేసుకున్నాను. తబలా అన్న పూర్తిగా ఒప్పుకోలేదు. ఆనాటి నుండి అతడు ప్రతి ప్రయాణానికీ డీజిలు ఖర్చు తానే పెట్టుకుంటున్నాడు, కానుకలో ఒక్క రూపాయి ముట్టుకోడు. అతని మనస్సాక్షిని మేము గౌరవిస్తున్నాము.

ఆ చర్చ తరువాత ఒక పద్ధతి ఏర్పడింది. ఏ ఊళ్లో ఏ కానుక వచ్చినా అక్కడికక్కడే లెక్కపెట్టి, పాస్టరుగారి సంతకంతో పుస్తకంలో రాస్తాము. ఉద్యోగాలున్న మేము వాటా తీసుకోము. ప్రయాణ ఖర్చు పోగా మిగిలినదానిలో కొంత కీబోర్డు తమ్ముడి ఇంటికి, కొంత మైకు సెట్టు లేని మరో పల్లె సంఘానికి వెళ్తుంది. బియ్యం, కూరగాయలు తరువాతి ఊరి ప్రేమవిందులో వండిస్తాము.

కీబోర్డు తమ్ముడి వాటా గురించి కొందరు గుచ్చి అడుగుతారు, దేవుని పాటకు డబ్బెందుకని. వారికి నేను నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం చూపిస్తాను. మందిర సేవ చేసే లేవీయులకు, గాయకులకు రావలసిన పాళ్లు ఇవ్వకపోవడం వలన వారు మందిరపు పని విడిచి ఎవరి పొలానికి వారు వెళ్లిపోయారు. నెహెమ్యా గాయకులను మందలించలేదు. దేవుని మందిరాన్ని ఎందుకు విడిచిపెట్టారని అధికారులను నిలదీసి, లేవీయులను, గాయకులను తిరిగి తమ స్థానాలలో నిలబెట్టాడు. ఇంకొక వైపు, విమాన టికెట్టు, హోటలు గది, అడ్వాన్సు లేనిదే కదలని ధోరణి మన మధ్య పెరిగిపోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. తొలి క్రైస్తవుల కాలపు డిడాకే అనే చిన్న గ్రంథం, సంచరించే సేవకుడు వెళ్లేటప్పుడు తరువాతి మజిలీ వరకు సరిపడే రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదని, డబ్బు అడిగితే అతడు అబద్ధ ప్రవక్త అని కఠినంగా చెబుతుంది. అమెరికాలో 1982లో విమాన ప్రమాదంలో మరణించిన గాయకుడు కీత్ గ్రీన్, ఎవరు ఎంత ఇవ్వగలిగితే అంతకే తన రికార్డులను పంపించాడు. ఇది సాధ్యమేనని చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు అక్కరలేదు.

సమకూరని సందర్భాలు కూడా రాయకపోతే ఇది సత్యమైన సాక్ష్యం కాదు. డబ్బు లేక ఆగిపోయిన ప్రయాణాలు ఉన్నాయి. ప్రార్థించాము, ఎదురుచూశాము, రాలేదు. రాలేకపోతున్నామని ఫోను చేసి చెప్పాము. ఆ సంఘంవారు షామియానా వేసి సిద్ధపడి ఉన్నారు. ఇందులో ఏదో మేలు దాగి ఉన్నదని వెంటనే వివరించడం నాకు ఇష్టం లేదు. లేమిలో ఉండడం కూడా నేర్చుకున్నానని పౌలు చెప్పిన మాటలో, నేర్చుకోవడానికి కాలం పట్టిందన్న సంగతి ఇమిడే ఉన్నది.

పావగడ వైపు మరొక అనుభవం కలిగింది. 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చిన తాలూకా అది. భూమి ఉన్నవారికి ఏటా కౌలు వస్తున్నది, భూమి లేని కూలీలకు పొలం పని తగ్గిపోయింది. మమ్మల్ని పిలిచిన సంఘంలో భూమి లేనివారే ఎక్కువ. ఆ రాత్రి కరెంటు పోయింది, జనరేటరుకు మా దగ్గర డబ్బు లేదు. కీబోర్డును పెట్టెలో పెట్టి, డోలకు, కంజీర, తాళాలతో పాడాము. మా కొత్త పాటలు వారికి రావు. వారు ఎత్తుకున్న పాత కీర్తనలకు మేమే వంత పాడాము, మాకు తెలియని చరణాలు వారి దగ్గర ఉన్నాయి. ఆ కూటం తరువాత కొత్త పాటల సంఖ్యను సగానికి తగ్గించాము.

కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పరిస్థితి ఇంకొక రకం. 2001లో గనులు మూతపడిన తరువాత వేలమంది రోజూ రైలెక్కి బెంగళూరుకు పనికి వచ్చి వెళ్తున్నారు. తెల్లవారకముందే లేవవలసినవారిని అర్ధరాత్రి వరకు కూర్చోబెట్టడం ప్రేమ కాదు కాబట్టి, అక్కడ కూటం తొమ్మిది గంటలకే ముగిస్తాము. అలసిపోయి వచ్చినవారు కూడా మాకు రాగి సంకటి, పప్పు వండిపెట్టి, మేము తిన్న తరువాతే తిన్నారు. సంచరిస్తూ వచ్చిన సహోదరులను దేవునికి తగినట్టుగా సాగనంపమని యోహాను తన మూడవ పత్రికలో గాయు అనే విశ్వాసికి రాశాడు. గాయు ఇంట్లో ఏమి వండారో ఆ పత్రిక చెప్పదు.

డిసెంబరులో పండుగకు ముందు జరిగే సెమీ క్రిస్మస్ కూటాలకు పిలవడం మొదలుపెట్టిన సంఘాలకు మా తరఫున చెప్పవలసింది కొంచెమే. ఎర్తింగు సరిగా ఉన్న ఒక కరెంటు లైను చూపించండి, రాత్రి పడుకోవడానికి చాపలు చాలు, మందిరంలోనే పడుకుంటాము. భోజనానికి ప్రత్యేకంగా కోడిని కోయవద్దు. మీరు ఆ రోజు ఏమి తింటే అదే పెట్టండి. కవరు సిద్ధం చేయకపోతే ఎవరూ నొచ్చుకోరు. మీ ఊరి పెద్దవాళ్లకు తెలిసిన పాత కీర్తనలు ఏవో ముందుగా ఫోనులో పాడి వినిపిస్తే, వాటిని నేర్చుకుని వస్తాము.