మ్యుస్కదే: సముద్రపు తిండికి తోడైన తెల్ల వైన్

రోజువారీ భోజనంతో తాగదగిన తెల్ల వైన్ ఏదని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే పేరు మ్యుస్కదే. ఫ్రాన్స్ పడమటి అంచున, లువార్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న నాంత్ నగరం చుట్టుపక్కల ఇది తయారవుతుంది. దీనికి వాడే ద్రాక్ష మెలోన్ ద బుర్గోన్య్. పేరులోనే ఉన్నట్టు దాని పుట్టిల్లు బుర్గుండీ (ఫ్రెంచిలో బుర్గోన్య్) అనే తూర్పు ఫ్రాన్స్ ప్రాంతం, జన్యుపరంగా అది షార్డొనే అనే పేరొందిన తెల్ల ద్రాక్షకు తోబుట్టువు. 17వ శతాబ్దంలో బ్రాందీ కాచడానికి తేలికపాటి తెల్ల వైన్ కోరిన డచ్చి వర్తకుల గిరాకీ ఈ ప్రాంతంలో తెల్ల ద్రాక్షకు ఊపునివ్వగా, 1709 నాటి భయంకరమైన చలికాలం తోటలను నాశనం చేసిన తరువాత, చలిని తట్టుకోగల ఈ రకాన్నే రైతులు విస్తారంగా నాటారు.

ఈ ద్రాక్షకు సొంత సువాసన తక్కువ. అందుకే పులిసిన వైన్‌ను వెంటనే వడకట్టకుండా, అడుగున పేరుకున్న ఈస్టు మడ్డిపైనే ఒక చలికాలమంతా నిలవ ఉంచి, అక్కడి నుంచే నేరుగా సీసాల్లోకి ఎక్కిస్తారు. "సుర్ లీ" అనే ఈ పద్ధతి వల్ల వైన్‌కు కొంత నిండుదనం, నాలుకపై సన్నని చురుకు వస్తాయి. సీసాపై ఆ మాట ఉన్నదే కొనమని నా సలహా.

పచ్చి ఆయిస్టర్లతో (గుల్లలో ఉండే సముద్రపు జీవులు) దీని జోడీ సాటిలేనిది. ఆ ఉప్పదనానికి దీని పులుపు నిమ్మరసంలా పనిచేస్తుంది. ఉడికించిన మసెల్స్ అనే నల్ల గుల్లలకూ, వెన్న సాస్ పోసిన నదీ చేపలకూ బాగా నప్పుతుంది. కారం దట్టించిన మన చేపల పులుసు ముందు మాత్రం దీని సున్నితత్వం నిలవదు. నిమ్మకాయ పిండిన రొయ్యల వేపుడే మేలు.